ఏ దెబ్బ దాకా ఆగవలెను?

డి.ఎస్.పి. గారి సముఖమునకు, చింతరేవులపల్లి గొర్రెల కాపరి తిమ్మప్ప వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నన్ను చంపుటకు వచ్చు వానిని నేను ఏ సమయమున, ఎంత మేరకు కొట్టవచ్చునో తెలియజేయుట గురించి.

1. నాకు గొర్రెల మంద కలదు. కోతలైన చేలలో రైతులు పిలిచిన చోట మంద నిలిపి, చేనికి ఎరువు చేసి, వారిచ్చు గింజలతో బ్రతుకుచున్నాను. ఈ వేసవిలో మా ఊరి తిప్పయ్య తన వేరుశనగ చేనులో మంద పెట్టమనగా పెట్టితిని. ఆ చేను గురించి తిప్పయ్యకు, అతని తమ్ముడు ఓబుళేసుకు కోర్టులో దావా నడుచుచున్నదని నాకు తెలుసు. కానీ గొర్రెకు దావా ఏమి తెలుస్తుంది? ఎక్కడ నిలిపితే అక్కడ పెంటికలు వేస్తుంది. నేనూ దాని తెలివితోనే పోయినాను. మా పక్క ఎవరి పిలుపున మంద పడితే చేను వారి అనుభవంలో ఉన్నట్టే లెక్క. ఆ సంగతి చెప్పుటకు తిప్పయ్య నన్ను సాక్షిగా వేయించినాడు.

2. నాకు సమన్లు వచ్చిన మర్నాడు ఓబుళేసు కొడవలితో మంద వద్దకు వచ్చి, "కోర్టు మెట్టు ఎక్కితే నీ తల ఈడనే రాలుతాది రా" అని నా ఎడమచేతిపై నరికినాడు. కుట్లు పడినవి. కొమ్మలు కొట్టు గొడ్డలి నా కుడిచేతిలోనే ఉండినను, కేసగునని భయపడి ఎత్తలేదు. ఈ మంచితనమునకు నా పొట్టేలు కూడా నన్ను గౌరవించుట లేదు.

3. స్టేషనుకు పోగా హెడ్డు గారు నా గొడ్డలిని మారణాయుధమని లోపల పెట్టుకొన్నారు. ఓబుళేసును మందలించి పంపినారు. కొడవలి మాత్రం అతని వద్దనే ఉంచినారు, పైరు కోసుకొనునది గదా అని. ఎండాకాలపు బీడులో ఏ పైరు కోయునో అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు. "వాడు మళ్లా వస్తే ఎట్ల సార్?" అంటిని. "వచ్చినాక చూద్దాంలేప్పా" అన్నారు. చూసుకొనుటకు అప్పటికి నేనుండవలెను గదా.

4. తిప్పయ్య తరఫు వకీలును అడిగితిని. కొత్త నేరశిక్షల చట్టము ముప్పై ఎనిమిదో సెక్షను ప్రకారం, చంపుతాడనో తీవ్రముగా గాయపరుస్తాడనో సహేతుకమైన భయము కలిగినప్పుడు ఎదుటివాని ప్రాణము పోయినను నేరము కాదట. ఊపిరి పీల్చుకొంటిని. అంతలోనే ముప్పై ఏడోది చదివినారు. పోలీసుల రక్షణ కోరు వ్యవధి ఉంటే ఆ హక్కు లేదట, అవసరానికి మించి కొట్టరాదట.

"కొడవలి ఎత్తినాడంటే కొట్టొచ్చునా సార్?"

"కొట్టొచ్చు. చంపేదానికే ఎత్తినాడని జడ్జిగారు నమ్మల్ల."

"కింద పడినాక?"

"ఆగల్ల."

"మళ్లా లేస్తే?"

"లేసినాక చూడల్ల."

వాకిట నిలబడిన నా భార్య తిప్పమ్మ ఓర్చుకోలేకపోయినది. "వాడు నరికేలోపల ఈ లెక్కలన్నీ ఎప్పుడు చేస్తాడప్పా ఈయప్ప? ఉండు ఓబుళేసూ, సెక్షను చూసుకొని కొడతానని అనల్లనా?"

5. కోర్టుకు పోకుంటే వారంటు. పోతే ఓబుళేసు. మడకశిర వైపు మంద తోలుకొని పోదామన్నా సమన్లు కాలికి బంధము. గొర్రెలను విడిచి ఇంట్లో గడియ పెట్టుకొనుటకు లేదు. అయ్యా, నాకు చానా భయముగా ఉన్నది. ఓబుళేసు, నేను ఒకే బండరాయి మీద జారి చడ్డీలు చింపుకొన్నవాళ్లము. వాణ్ణి చంపుట నాకిష్టము లేదు. చచ్చుట అంతకన్నా ఇష్టము లేదు.

కావున నాకు రక్షణ కల్పించి, గొడ్డలి తిరిగి ఇప్పించి, ఏ దెబ్బ దాకా ఆగవలెనో వ్రాతమూలకముగా సెలవిచ్చి, ఓబుళేసు కన్న ముందుగా తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు, ప్రస్తుతము సజీవుడు,
తిమ్మప్ప

మరొక మనవి: ఈ అర్జీ చూపగా వకీలు గారు తల పట్టుకొన్నారు. "ఏమప్పా, పోలీసులకు చెప్పుకునేంత టైము ఉండెనని నువ్వే రాసిస్తాండావే! రేపు వాడు చస్తే ఇదే నీకు ఉరితాడు" అన్నారు. ఇయ్యకుంటే రక్షణ అడగలేదంటారు. అందుచేత అయ్యా, ఓబుళేసు చచ్చిన యెడల ఈ అర్జీ తమకు అందనట్లు భావించవలెను. నేను చచ్చిన యెడల, అందినట్లు తిప్పమ్మకు రసీదు ఇప్పించవలెను.