సమాధి సున్నం

పండమ్మా,

అమ్మ వందనాలు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

సమాధుల పండుగ దగ్గరికొచ్చింది. నీ తమ్ముడు నతానియేలు సమాధి రాయికి కొట్టడానికి పిడుగురాళ్ల నుంచి ఒక బకెట్ సున్నం తెచ్చాను. వాడు మునిగిపోయిన క్వారీ గుంత మాత్రం అలాగే ఉంది. వానలకు నీళ్లు అంచుదాకా వచ్చాయి. బడి వదిలాక పిల్లలు అటే నడుస్తారు. రోజూ నాలుగింటికి కర్ర పట్టుకుని అక్కడ కూర్చుంటున్నాను. గుంత మామ్మ అంటున్నారు. అననీ.

మీ బ్యాంకు ఆ క్వారీకి పచ్చ లోను ఇస్తుందటగా. చూడ్డానికి నువ్వు రావద్దు తల్లీ. ఎందుకని అడగకు.

నీ అమ్మ, దేవకుమారి

అమ్మా,

అడక్కుండా ఎలా ఉంటాను? ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది. నేలకీ నీళ్లకీ చెరుపు చేయని గనులకు తక్కువ వడ్డీకి ఇచ్చే అప్పు అది. పాత గుంతకు కంచె వేశాం, మొక్కలు నాటాం అని రాసి ఊరివాళ్ల సంతకాలు తీసుకున్నారు. మూడోది నీది. ఆ అక్షరాలు నీకు నేర్పింది నేనే. చదవకుండా పెట్టించారా? బెదిరించారా?

షారోన్

పండమ్మా,

ఎవరూ బెదిరించలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక క్వారీ మేస్త్రీ జక్రయ్య చర్చి మెట్ల మీద చదివి వినిపించాడు. కంచె లేదు గదయ్యా అన్నాను. “లోను వస్తేనే కంచెక్కా. నువ్వు సంతకం పెట్టు, ముందు నీ గుంతకే వేయిస్తా” అన్నాడు. ఇంకో తల్లి నాలా కాకూడదని ప్రార్థన చేసుకుని పెట్టాను. నీ ఉద్యోగం పోతుందా? నాకు అన్నం దిగడం లేదు.

అమ్మ

అమ్మా,

కంచె ఉందని రాసుకున్నాక ఇంకెందుకు వేస్తారమ్మా? అది మా ఊరేనని ఆఫీసులో చెప్పేశాను. ఫైలు నా దగ్గర్నుంచి తీసి ఇంకో అధికారి శశిభూషణ్ గారికిచ్చారు. ఆయన సోమవారం క్వారీ చూడ్డానికి వస్తున్నారు. వాళ్లు చూపించిన కంచె ఫొటో పంపుతున్నాను. ఇది ఎక్కడిది? నువ్వు మాత్రం గడప దాటకు. నాకు భయంగా ఉంది.

షారోన్

పండమ్మా,

ఫొటోలో ఉన్నది మన సమాధుల దొడ్డి కంచె. మూలన కనపడే రాయి తమ్ముడిది. పోయినవాళ్ల చుట్టూ ఉన్న కంచె చూపించి బతికున్నవాళ్లకు ఉందన్నారు.

సోమవారం పొద్దున్నే సున్నం బకెట్ పట్టుకెళ్లి గుంత అంచు పొడుగునా తెల్లగా పోశాను. జక్రయ్య ఆ అధికారి కారును దొడ్డి వైపు తిప్పుతుంటే ఎదురెళ్లి నిలబడ్డాను. “మూడో సంతకం నాదయ్యా. అది అబద్ధం. కంచె లేదు, రండి చూపిస్తా” అన్నాను. ఆయన ఆ తెల్ల గీత పొడుగునా నడిచి ఫొటోలు తీసుకున్నాడు. కంచె లేచేదాకా లోను లేదని జక్రయ్యతో చెప్పి వెళ్లాడు.

లోను రాక అప్పటినుంచి క్వారీ పని ఆగింది. కూలి పోయిందని వీధిలో ఎవరూ నాతో పలకడం లేదు. నిన్న ఎవరో తలుపు మీద రాయి విసిరారు. గడియ వేసుకునే ఉంటున్నాను. నాలుగింటికి మాత్రం తీస్తున్నాను. ఇవాళ గుంత దగ్గర రెండు ఇనప రాటలు పాతారు.

తమ్ముడి రాయికి ఈ ఏడు సున్నం లేదు. వాడేమీ అనుకోడులే. నువ్వు వేళకు కడుపునిండా తిను.

అమ్మ