మౌల్‌వుర్ఫ్ తోడిన మట్టి

బోషర్ట్ గారూ,

మీరు మా తోటల సంఘానికి అధ్యక్షులు కాబట్టి 'గారూ' అంటున్నాను. నా కోపం మాత్రం తగ్గలేదు.

సంఘం నాకు అద్దెకిచ్చిన తోటలో నేలకింద తవ్వి మట్టికుప్పలు పోస్తున్న ఎలుకంత జంతువైన మౌల్‌వుర్ఫ్‌ని తరిమేయకపోతే, వచ్చే సమావేశంలో ఓటు పెట్టి తోట లాక్కుంటామన్నారు. "నోటితో విసిరేదని పేరే చెబుతోంది కదరా! ఆ నోరు మన క్యారెట్లని వదుల్తుందా?" అని మీరంటే అందరూ పగలబడి నవ్వారు. రోజంతా రోడ్లమీద పైపులకి కందకాలు తవ్వేవాణ్ణి. ఊపిరి పీల్చుకోవడానికి నాకున్నది ఆ కాస్త నేలే.

ఉక్రోషంతో లైబ్రరీకెళ్లి పాత జర్మన్ నిఘంటువులు తిరగేశాను. 'మోల్ట్' అంటే పొడిమట్టి. 'వుర్ఫ్' అంటే విసరడం. మట్టిని విసిరేదని దాని అసలు పేరు. ఆ పాతమాటని జనం మరిచిపోయాక, నోరు అనే అర్థమున్న 'మౌల్' వచ్చి అక్కడ కూర్చుంది. నాకు పార ఎలాగో దానికి ముందుకాళ్లు అలాగ. అది తినేది పురుగుల్ని. క్యారెట్లు కొరికేది ఎలుకలు.

ఆ రోజు అందరికన్నా గట్టిగా నవ్విన గెర్లిండె మామ్మకి ఇదంతా చెప్పాను. "నీ పాఠం చాల్లే గానీ, ఆ కుప్పలోంచి ఓ బకెట్టు మట్టి ఇటియ్యి నాయనా. రాయీ రప్పా లేదు, నారుకి బంగారం!" అంది. ఆమె టమాటాలు మొలిచాయి.

మీ గేటు దగ్గరా ఓ బకెట్టు పెట్టాను. గింజలు మీవే వేసుకోండి. మొలకలు చూశాక ఓటు పెట్టండి, నేను అడ్డురాను.

చివరి తోటవాడు