దాని అన్ననే

చిట్టీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నడుస్తూ తూలుతుంటే, చూపు తగ్గి తలుపులకు కొట్టుకుంటుంటే, ఎవరి దిష్టో తగిలిందని అవ్వ నీ మెడకు నల్లదారం కట్టింది. మెదడుకు కావలసిన ఒక ఎంజైమ్ నీకు పుట్టుకతోనే లేదనీ, డాషండ్ కుక్కల్లో ఈ లోపం తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తుందనీ పశువుల డాక్టరు చెప్పేసరికి నువ్వు లేవడమే మానేశావు.

ఆ సంగతి చెబుదామని ఈరోజు చొప్పదండిలో నిన్ను అమ్మిన రాజన్న ఇంటికి వెళ్లాను. మీ అమ్మ మళ్లీ ఈనింది.

"వీటి తండ్రి ఏదన్నా?" అన్నాను.

"బయటి కుక్కను ఎందుకు తెస్తనక్కా? దీని అన్ననే. నీ కుక్కకు గూడ గదే తండ్రి. గట్లుంటెనే జాతి కల్తీ గాదు," అన్నాడు గర్వంగా.



"ఒక్క ఇంటిపేరుంటే మనం పిల్లనిస్తమా అన్నా?"

"థూ, గదెట్లిస్తం? అన్నాచెల్లెండ్లయితరు గదా!"

అప్పుడు నీ జబ్బు గురించి చెప్పాను. అతను నవ్వి, "నా పిల్లలు మంచిగున్నయక్కా, నువ్వే సూడు," అంటూ తలుపు తీశాడు.

నీలాగే కళ్లమీద గోధుమరంగు చుక్కలున్న పిల్ల ఒకటి, ఆ పొట్టికాళ్లతో ఒక్కసారీ తూలకుండా పరిగెత్తుకుంటూ నా దగ్గరకు వచ్చింది.

మొదటిరోజు నువ్వూ అలాగే వచ్చావు.