తెల్లద్రాక్షకు కొట్టిన మందు

నాసిక్,
20 జనవరి 2003

మల్కాపురంలోని అసిరమ్మ వదినకు,

తవిటయ్య అన్నయ్య ఎలా పోయాడో నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. మేము పెంచేది వైను తీసే తెల్లద్రాక్ష, సావిన్యాన్ బ్లాంక్ అంటారు. ఫ్రాన్సు చలిలో పెరిగే రకమట. గుత్తిలో కాయలు ఒత్తుగా ఉంటాయి, వాన పడితే కుళ్లిపోతాయి. మొన్న మబ్బు పట్టగానే యజమాని మా ఇద్దరినీ మందు కొట్టమన్నాడు. ముఖానికి గుడ్డ కట్టుకోమన్నాను.

"మల్కాపురం రిఫైనరీ గాలి పీల్చినోణ్ణిరా, ఈ మందు నన్నేటి సేత్తాది?" అని నవ్వాడు. మధ్యాహ్నానికి నురగ కక్కుతూ తీగల కింద పడిపోయాడు.

గుండెజబ్బుతో పోయాడని రాసిన కాగితం నీకు పంపుతున్నారు. వేలిముద్ర వేయకు. దానిమీద సాక్షి సంతకం నాదే, పని పోతుందన్న భయంతో పెట్టాను. ఈ ఉత్తరం పోలీసులకు చూపించు.

నీ మరిదినని రాసుకునే మొహం లేదు.