మూడో అంతస్తుకి సరిపడా మోకాలు

శ్రీవారికి,

ఇక్కడ అత్తయ్యా నేనూ బాగున్నాం. అత్తయ్య కొత్త మోకాలు కూడా బాగుంది. ఇంట్లో అందరి క్షేమం రాయాలంటే ఈమధ్య దాన్నీ ఒక మనిషి కింద లెక్కెయ్యాల్సి వస్తోంది. మీరూ, మీ ఓడా, సముద్రం అడుగున మీరు పరుస్తున్న కేబులూ క్షేమమనే తలుస్తున్నాను.

మీ ఉత్తరం అందింది. ఫోనులో మీ మాటలు సగం గాలికే పోతున్నాయి. మిగతా సగం అత్తయ్య పక్కనుండగా నేను జవాబు చెప్పలేనివి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కుట్లు విప్పారు. గాయం మానింది, మోకాలి మీద నిలువుగా ఒక గీత మిగిలింది. "కుట్టు ఎక్కడా వంకర పోలేదు, డాక్టరు చెయ్యి మంచిదే" అని అత్తయ్య మెచ్చుకున్నారు. జన్మంతా కుట్టుమిషన్ మీద బతికిన మనిషి మెచ్చుకున్నారంటే అది ఆ డాక్టరుకి రెండో పట్టా. సాయంత్రాలు కాస్త వాపు వస్తుంది, ఐస్ సంచి పెడితే తగ్గుతుంది. నిద్ర పడుతోంది. కర్ర సాయంతో నడుస్తున్నారు. అత్తయ్య మూడో అంతస్తు ఇల్లు అద్దెకిచ్చావా అని కూడా మీరు ఉత్తరంలో అడిగారు. దాని జవాబు కాస్త ఆగి రాస్తాను. ముందు జరిగింది జరిగినట్టు చెప్పకపోతే అది మీకు అర్థం కాదు.

ఆపరేషన్ అయిపోతే అంతా అయిపోయినట్టే అనుకున్నాం మనం. అసలు కథ అప్పుడే మొదలైంది. కొత్త కీలు పెట్టారు గానీ దాని చుట్టూ ఉన్న కండలకి ఆ సంగతి పట్టలేదు, బిగుసుకుని కూర్చున్నాయి. రోజూ పట్టుబట్టి వంచకపోతే లోపలి పొరలు గట్టిపడి కాలు కర్రలా ఉండిపోతుందని ఫిజియో మొదటి రోజే చెప్పారు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ఆయన నోట ఒకటే మాట, "ఇంకొంచెం." మడమని పరుపు మీద జరుపుతూ వెనక్కి లాక్కోమంటారు. లాక్కుంటే "ఇంకొంచెం" అంటారు. పళ్ళ బిగువున ఇంకాస్త లాక్కుంటే, "అంతే అమ్మా, ఇంకొంచెం." వారం తిరక్కుండానే అత్తయ్య ఆయనకి 'ఇంకొంచెం గారు' అని పేరు పెట్టేశారు. తలుపు చప్పుడైతే చాలు, "వచ్చినట్టున్నారు ఇంకొంచెం గారు, తలుపు తియ్యి" అంటారు. ఆయనకి వినబడుతుంది. నవ్వి ఊరుకుంటారు.

ఆయన రోజు విడిచి రోజు వస్తారు. ఆయన రాని రోజుల్లో, నేను ల్యాబుకి వెళ్లే ముందూ తిరిగొచ్చాకా, ఆ పని నాది. అత్తయ్య మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుంటారు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, చీలమండ దగ్గర పట్టుకుని, కాలిని మంచం కిందికి నెట్టాలి. రోజంతా నీళ్ల సీసాలు పరీక్షించి అంకెలు రాసుకునే మనిషిని. ఒకరి ఒంటి మీద చెయ్యి వేసి నొప్పి పుట్టించే పని నాకెప్పుడూ పడలేదు. పైగా ఆ ఒకరు అత్తయ్య. పెళ్లయిన దగ్గర్నుంచి మేమిద్దరం ఒక్కనాడు మాటా మాటా అనుకోలేదని మీరు అందరికీ గొప్పగా చెబుతారు. అసలు మా మధ్య మాటలే లేవన్నది మీకు తట్టలేదు. "తిన్నావా?" "తిన్నానండీ." "వాడు ఫోన్ చేశాడా?" "చేశారండీ." అక్కడితో సరి.

అందుకని ఆమె "ఆపు" అనగానే ఆపేసేదాన్ని. ఆమెకీ హాయి, నాకూ హాయి. కొన్నాళ్లు ఒకరినొకరం అలా మర్యాదగా మోసం చేసుకున్నాం. ఒకరోజు ఫిజియో తన ప్లాస్టిక్ స్కేలు మోకాలి పక్కన పెట్టి కోణం చూశారు. మళ్లీ చూశారు.

"పోయినసారి ఎక్కడుందో అక్కడే ఉందమ్మా. ఈ ఇంట్లో ఎవరో బాగా జాలిపడుతున్నారు" అన్నారు, నా వైపు చూడకుండా.

ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు ఇంకా సూటిగా చెప్పారు. ఈపాటికి లంబకోణమైనా రావాలి, రాలేదు, ఇంకోసారి చూపించుకునేలోగా రాకపోతే మళ్లీ మత్తిచ్చి తామే బలవంతాన వంచాల్సి వస్తుందన్నారు. తిరుగు దారిలో అత్తయ్య కర్రని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు. టాక్సీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, కిటికీ బయటికి చూస్తూనే అడిగారు.

"అమ్మాయ్, మా ఇంటి మెట్లెక్కాలంటే ఇది ఎంత వంగాలి?"

"ఏ ఇల్లండీ?"

"నాకెన్ని ఇళ్లున్నాయి? మూడో అంతస్తు."

"అది అద్దెకిద్దామనుకున్నాం కదండీ."

"అనుకున్నది మీరు. నన్నెవరన్నా అడిగారా?"

ఆలోచిస్తే, అడగలేదు. లిఫ్టు లేని ఇల్లు, ఈ వయసులో ఈ కాలితో ఒక్కతే ఎలా ఉంటుంది అని వంటింట్లో నిలబడి మీరన్నారు, నేను తలూపాను. అత్తయ్య అప్పుడు పక్క గదిలోనే ఉన్నారు.

"ఇక్కడ మీకేమైనా లోటు జరిగిందా అత్తయ్యా?"

"ఏ లోటూ లేదు. నా బాధ అదే. టీ అడక్కముందే వస్తుంది. దుప్పటి నలక్కముందే మారుస్తావు. నాకు చెయ్యడానికేం మిగిల్చావు చెప్పు? అక్కడైతే పొద్దున లేస్తే ఒకడి ప్యాంటు పొడుగవుతుంది, ఒకతె గౌను బిగుతవుతుంది. నాతో పనుండి మూడంతస్తులెక్కి వస్తారు మనుషులు."

డ్రైవరు అద్దంలోంచి మా ఇద్దర్నీ ఒకసారి చూశాడు. పచ్చ లైటు పడింది, టాక్సీ కదిలింది.

మర్నాడు ఆమె ఫిజియోని కూడా అదే అడిగారు. "ఎక్కడానికి లంబకోణం దగ్గరికొస్తే సరిపోతుందమ్మా. దిగడానికి మాత్రం ఇంకొంచెం కావాలి" అన్నారాయన. "తెలుసు లెండి, మీకెప్పుడూ ఇంకొంచెం కావాలి" అన్నారు అత్తయ్య. ఆయన వెళ్లాక నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"ఇకనుంచి నేను ఆపమంటే ఆపకు. తిడితే పడు. మరీ ఓర్చుకోలేకపోతే 'నీకు దణ్ణం పెడతాను' అంటాను. అప్పుడు ఆపు. వాడికి మాత్రం ఇప్పుడే చెప్పకు."

దణ్ణం పెడతానన్న మాట ఆమె నోట ఇంతవరకు ఎవరూ విని ఉండరని మీకూ తెలుసు, నాకూ తెలుసు. సరేనన్నాను.

తర్వాత పడ్డ తిట్లు ఇక్కడ రాయను, ఓడలో మీ ఉత్తరాలు ఎవరైనా చూస్తారేమో. రాక్షసినన్నారు. సీసాలతో కాపురం చేసేదానికి మనుషుల సంగతేం తెలుస్తుందన్నారు. "నీకు భయపడే వాడు సముద్రంలో దాక్కున్నాడు" అన్నారు. మొదటి రెండు రోజులు నోరు మెదపకుండా నెట్టాను. మూడో రోజు నా నోరూ లేచింది. "సముద్రంలోకి వెళ్లింది పెళ్లికి ముందే కదా అత్తయ్యా, మరి అప్పుడెవరికి భయపడ్డారు?" అన్నాను. ఒక్క క్షణం ఆమె నొప్పి మర్చిపోయి నన్ను చూశారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వులో ఉండగానే కాలు ఇంకాస్త వంచేశాను. దానికి మళ్లీ తిట్లు.

ఒక్కసారి మాత్రం ఆ మాట అన్నారు. సాయంత్రం, బయట వాన. నెడుతుంటే లోపల ఏదో పట్టు వదిలినట్టు నా చేతులకి తెలిసింది. "నీకు దణ్ణం పెడతాను" అన్నారు, చాలా నెమ్మదిగా. చేతులు తీసేశాను. ఆమె దిండు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నాకు ఓదార్చడం రాదు. వెళ్లి ఐస్ సంచి తెచ్చి మోకాలి మీద పెట్టి, మళ్లీ స్టూలు మీద కూర్చున్నాను. చాలాసేపటికి దిండు తీసి, ముక్కు తుడుచుకుని, "ఎంతొచ్చిందో చూడు" అన్నారు. ఫిజియో మా దగ్గర ఒక స్కేలు వదిలివెళ్లారు. పెట్టి చూశాను.

"లంబకోణం దాటిందండీ."

"నా మనసు కుదుటపడాలని చెప్పకు."

"కొలతల్లో నేను అబద్ధం చెప్పనండీ."

"అవును. నువ్వు ముచ్చటకి కూడా అబద్ధం చెప్పవు" అన్నారు. మెచ్చుకున్నారో, దెప్పారో తెలియలేదు. మెచ్చుకున్నారనే అనుకున్నాను.

డాక్టరు ఇక మత్తు అవసరం లేదన్నారు. ఆ తర్వాత మన బిల్డింగు మెట్ల మీద అభ్యాసం. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు అని ఫిజియో నేర్పారు. "ఇందులో చెడ్డదేది? కొత్తది బాగానే ఉంది, ఇప్పుడు సలుపుతున్నది పాతదే!" అని అత్తయ్య వాదన. ఆయన నుదురు తుడుచుకుని, "సరే అమ్మా, కొత్త కాలు, పాత కాలు అందాం" అన్నారు.

ఇప్పుడు ఇంటి సంగతి.

అద్దె ప్రకటన నేను ఇవ్వలేదు. మర్చిపోయి కాదు. ఒక జంట ఎవరో చెప్పగా విని వచ్చి అడిగితే, ఖాళీ లేదని పంపేశాను. అప్పటికి అది ఖాళీగానే ఉంది. కొలతల్లో అబద్ధం చెప్పనన్న మనిషినే, మీరు ఫోనులో అడిగినప్పుడల్లా "చూస్తున్నాను" అని చెప్పాను.

పోయిన ఆదివారం అత్తయ్యని అక్కడికి తీసుకెళ్లాను. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఆమె ఎక్కుతుంటే ఒక మెట్టు కింద నేను నడిచాను. రెండో అంతస్తు మలుపులో ఆగిపోయారు. ఊపిరి ఎగపోస్తోంది, కాలు వణుకుతోంది. మోచెయ్యి పట్టుకోబోయాను. "పట్టుకోకు. అక్కడుండు, చాలు" అన్నారు. ఉన్నాను. కాసేపటికి మళ్లీ ఎక్కారు. తలుపు తీస్తే మూసిన ఇంటి వాసన. కిటికీలు కూడా తెరవకుండా నేరుగా మిషన్ దగ్గరికెళ్లి, గుడ్డ తీసి, కూర్చుని, కొత్త కాలు పెడల్ మీద పెట్టి తొక్కి చూశారు. కీచుమంది. "నూనె లేదు దీనికి" అన్నారు, మనమేదో దాన్ని పస్తు పెట్టినట్టు.

ఊరికే చూపించి తీసుకొచ్చేద్దామని వెళ్లాను, ఆమే మొండికేసి ఉండిపోయారు అని రాస్తే నాకు సుఖంగా ఉంటుంది. కానీ అది నిజం కాదు. ఆమె బట్టల పెట్టె అప్పటికే కింద టాక్సీ డిక్కీలో ఉంది. సర్దింది నేనే.

కాబట్టి అత్తయ్య ఇప్పుడు అక్కడే ఉంటున్నారు. మీకు కోపం వస్తుంది. మీరడగబోయేది నన్ను నేనే అడిగి చూసుకున్నాను. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించాను. కింద రొట్టెల దుకాణం ఆయన పొద్దున్నే పాలూ రొట్టే పైకి పంపుతున్నాడు. ల్యాబు నుంచి వచ్చేటప్పుడు రోజూ వెళ్తున్నాను. ఫిజియో కూడా అక్కడికే వస్తున్నారు, ఆ మెట్లెక్కి ఆయాసపడుతూ. "ఇంకొంచెం ఉంది రండి" అని అత్తయ్య పైనుంచి కేకేస్తారు. ఎన్నడూ పడరని మాత్రం నేను రాసివ్వలేను. మన ఇంట్లో పడరనీ రాసివ్వలేను.

నిన్న వెళ్లేసరికి ఒంటి మీద ల్యాబు కోటు అలాగే ఉంది. కాలు వంచడానికి కూర్చోబోతే, "అది తర్వాత. ముందు అది విప్పు" అన్నారు.

"ఎందుకండీ?"

"ఆ భుజం నీది కాదు. ఇంత కిందికి జారిపోయింది. నువ్వీ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి చూస్తున్నాను."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడైనా అడిగావా? నేనెప్పుడైనా చెప్పానా? అలాగే జరిగిపోయింది. విప్పు."

విప్పి ఇచ్చాను. టేపు పెట్టి నా భుజాలు కొలిచారు. మెడ వెనక ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. కుట్లు విప్పుతూ, ల్యాబులో నేనసలు ఏం చేస్తానో అడిగారు. చెప్పాను. నీళ్లలో ఏముందో రంగును బట్టి ఎలా తెలుస్తుందో కూడా చెప్పాను. అంతసేపు నేను మాట్లాడడం నాకే వింతగా అనిపించింది. ఈరోజు ఆ కోటు వేసుకునే వెళ్లాను. చెయ్యి పైకెత్తితే ఎక్కడా పట్టడం లేదు.

మన ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇదివరకు కూడా నిశ్శబ్దంగానే ఉండేది, కానీ ఇది వేరు. అంతకన్నా ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మీరు సెలవు మీద వచ్చినప్పుడు ముందు అక్కడికే వెళ్లండి. నాతో ఎంతైనా పోట్లాడండి, ఆమెని మాత్రం తిరిగి రమ్మనకండి. కింద వీధి తలుపు లోపల గడియ వేసి ఉంటుంది, మీరొచ్చిననాడు తనే దిగి తీస్తానంటున్నారు. బెల్లు ఒక్కసారే కొట్టండి. చాలాసేపు ఎవరూ రారు. అయినా రెండోసారి కొట్టకండి, పైకి చూసి కేకలు వెయ్యకండి. నిలబడండి. ఆమె వస్తూ ఉంటారు.

ఇట్లు,
మీ ఇల్లాలు,
మీ అమ్మగారి కోడలు.