జిగురు కాఫీ

హ్యాంకాక్, మార్చి 4

నా మొండి కూతురు కైసాకి,

ఫోన్‌లో నువ్వు సగం మాటకే ఏడుస్తావు, నేను సగం మాటకే అరుస్తాను. అందుకే రాస్తున్నాను.

మింగడంలో ఇబ్బంది ఉంది, పల్చనివి తాగొద్దని డాక్టరు అన్నప్పటినుంచి, ఈ ముసలివాళ్ల హోమ్‌లో నా కాఫీలో ఏదో పొడి కలిపి చిక్కగా చేసి ఇస్తున్నారు. దాంతో గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చు. తాగుతున్నానని నీకు చెప్పాను. అబద్ధం. మూడు గంటల కాఫీకి హాల్లోకి వెళ్లడమే మానేశాను. అందరూ కప్పులెత్తి తాగుతుంటే, ఊళ్లో సగం మందికి రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, పసిపిల్లప్పుడు నీ కూతురు తిన్నట్టు చెంచాతో నాకడం సిగ్గేసింది. పక్కగది ఉర్హో జాలిపడి తన కప్పులోంచి రెండు గుక్కలు పోశాడు. నువ్వది చూశావు. వెంటనే, ఇలాంటి హోముల్లో ఉండేవాళ్ల తరఫున మాట్లాడే డోరీన్ ట్రెవారోకి ఫోన్ చేసి, ఇక్కడ అడిగేవాడు లేడని ఫిర్యాదు చేశావు.

ఆవిడ నిన్న వచ్చింది. తలుపు వేసి మరీ కూర్చుంది.

"మీ అమ్మాయి పిలిచారండీ, నిజమే. కానీ నేను పనిచేసేది మీ కోసం. మీకేం కావాలి?"

"నాకేం కావాలో డాక్టరుకీ, నర్సుకీ, మా అమ్మాయికీ బాగా తెలుసు. వాళ్లనే అడుగు."

"వాళ్లనడిగితే వాళ్లకేం కావాలో చెబుతారు," అంది. నాకు నచ్చింది.

మామూలు కాఫీ కావాలన్నాను. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చనీ, ప్రాణానికే ముప్పనీ దాచకుండా చెప్పింది. తెలుసన్నాను. తెలిసి కూడా డాక్టరు మాట కాదనే హక్కు నాకుందట. నన్నడిగాకే గురువారం డాక్టరుతో, నర్సుతో, నీతో మీటింగ్ పెట్టించింది. నువ్వు పిలిచిన మనిషినే నీ మీదికి తెస్తున్నాను. ముందుగా చెప్పడం మర్యాద కదా.

అమ్మ,
ఐలీ

మార్చి 11

కైసా తల్లీ,

మీటింగ్‌లో నువ్వు "మా అమ్మని చంపేస్తారా మీరంతా?" అన్నావు. హెడ్ నర్సు కూడా, "ఈవిడకేమైనా అయితే మా మెడకే చుట్టుకుంటుందండీ," అని నిన్నే సమర్థించింది. డోరీన్ గొంతు పెంచలేదు. "ఆవిడ ఇక్కడే ఉన్నారుగా, ఆవిణ్ణే అడగండి," అంటూ నా చక్రాల కుర్చీని బల్ల దగ్గరికి జరిపింది. అడిగారు. చెప్పాను. డాక్టరు తన ఆర్డరు మార్చాడు. నువ్వు కోటు గుండీలైనా పెట్టుకోకుండా ఆ మంచులోకి వెళ్లిపోయావు.

ఇక ఎవరూ నీకు చెప్పని సంగతి. మొదటి కప్పుకే పొలమారింది. నువ్వు తిట్టుకుంటున్నావేమో అనుకున్నాను. కాదు, ఊపిరే అందలేదు. నర్సు పరుగెత్తుకొచ్చింది. భయపడ్డాను కైసా. నా పంతం నెగ్గిన రోజే నీ మాట నిజమైపోతుందేమో అనిపించింది.

మర్నాడు డోరీన్‌ని పిలిచి, నా నిర్ణయం నేనే మార్చుకోవచ్చా అని అడిగాను.

"రోజుకోసారి మార్చుకోండి. మీదే కదా!"

ఇప్పుడు మూడు గంటలకి హాల్లో ఒక్క కప్పు మామూలు కాఫీ. నిటారుగా కూర్చుని, చిన్న చిన్న గుక్కల్లో, నర్సు పక్కనుండగా. మిగతా రోజంతా ఆ జిగురే. ఇదే మాట నర్సు చెప్పి ఉంటే తిట్టి పంపేదాన్ని. నేను చెప్పాను కాబట్టి తెలివైన మాట. ప్రమాదం పోలేదు, కాస్త తగ్గిందంతే. నీకు అబద్ధం చెప్పను.

ఆదివారం రా. నా ఎదురుగా కూర్చో. దగ్గుతానేమోనని నా గొంతు వైపే చూస్తూ ఉండకు, నేను తాగుతుంటే కాసేపు నా మొహం చూడు.

అమ్మ,
ఐలీ