సోడా సీసా పరీక్ష

చిరంజీవి చెల్లెలు మద్దమ్మను అన్న గురవయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ వదినా తిని తిరుగుతూ బాగానే ఉన్నాం. యరగేరలో నువ్వూ బావా క్షేమమని, మీ పత్తిచేనుకు ఏ పురుగూ పట్టలేదని అనుకుంటున్నాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు ఫోను స్పీకరులో పెట్టి వీధంతటికీ వినిపిస్తావు. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో, బావకు కూడా చూపించకు.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. అన్నా, నీ అక్షరాలు కోడి గెలికినట్టు ఎందుకున్నాయని ఒకటి. నీ కొడుకు ఈరేష్ పెదవికి కుట్లెందుకు పడ్డాయని ఇంకొకటి. వాడు బల్ల మీద బంతులు కొట్టే ఆ పూల్ ఆటకు కర్ర చేయించుకుంటానంటున్నాడు, ఆ చేసే మనిషి ఎట్లాంటివాడని మూడోది. మొదటిదానికి జవాబు, కలం మంచిది కాదు. రెండోదానికి, వాడు జారి పడ్డాడు. మూడోది తీరిగ్గా చెబుతాను.

ఆ మనిషి పేరు యమనూరప్ప. లింగసుగూరు బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఉంటాడు. మొన్నమొన్నటిదాకా లేత్ మిషను మీద మంచం కోళ్లు తిప్పినవాడే. ఇప్పుడు ఆటగాళ్ల ఎత్తూ చెయ్యీ కొలిచి ఎవరికి తగ్గ కర్ర వాళ్లకు చేస్తాడు. వాళ్లు దాన్ని క్యూ అంటారు. షెడ్డుకు మనిషి వస్తే కూర్చోమనడు, నీళ్లివ్వడు. రాయచూరు నుంచి కారేసుకొని వచ్చిన ఒకాయనను పైకీ కిందికీ చూసి, "నీ పొట్ట టేబులుకు తాకుతది. ముందు దాన్ని తగ్గిచ్చుకొని రా, పో," అన్నాడట. ఇంకొకడు కర్ర మీద పేరు చెక్కమంటే, "పేరు నీ ఇంటి తలుపు మీద చెక్కిచ్చుకో, నా కట్టె మీద గాదు," అన్నాడట.

పని సంగతి చెప్పాలంటే నాకు నోరు రావడం లేదు, అయినా చెబుతాను. కర్రను ఏడాదిపాటు దూలానికి వేలాడదీసి ఆరబెడతాడు. రెండు ముక్కలనూ ఇత్తడి మరతో బిగిస్తే అతుకెక్కడుందో గోటికి కూడా తెలియదు. అద్దం మీద దొర్లిస్తే కర్ర కింద వెలుగు కనపడదు.

ఆర్డరు తీసుకునే ముందు ఒక పరీక్ష పెడతాడు. ఖాళీ సోడా సీసాను బల్ల మీద పడుకోబెట్టి, కర్ర కొనను దాని మూతిలోకి పదిసార్లు పోనిచ్చి తీయమంటాడు. గాజుకు తగలకూడదు. ఉగాది తర్వాత నేనూ ఒక కర్ర చేయించుకుందామని పోయాను. రిటైరయ్యాక పొద్దుపోవాలి కదా. నేను పెడితే సీసా పదిసార్లూ మోగింది. షెడ్డులో ఇంకో నలుగురున్నారు. వాళ్ల ముందే యమనూరప్ప నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం పని జేస్తవు?"

"గనిల వైండింగ్ ఇంజను నడుపుత."

"మనుషుల్ని లోపలికి దించేదా?"

"ఔ."

"నీకు కట్టె జెయ్య. డాక్టరుకు జూపిచ్చుకో. ఈ చెయ్యి తోని ఆడ కూసోకు."

ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ లివరు పట్టినవాణ్ణి. మంచం కోళ్లు తిప్పేవాడు నాకు చెప్పడమా అని కడుపు మండిపోయింది మద్దమ్మా.

నేనేం చేశానో విను. నాతో పనిచేసే సుంకప్ప దగ్గర యమనూరప్ప చేసిన కర్ర ఉండేది. దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు. సుంకప్ప తిరుపతి పోయిన వారం, మా గని క్యాంపు పూల్ గదిలోంచి దాన్ని ఇంటికి తెచ్చి, తడిగుడ్డ చుట్టి స్నానాల గదిలో గోడకు వాల్చాను. ఇదేమిటని మీ వదిన అడిగితే పాములు వస్తే కొట్టడానికన్నాను. వారం తర్వాత తుడిచి ఉన్నచోటే పెట్టాను. సుంకప్ప వచ్చాక అందరి ముందూ నేనే దాన్ని టేబులు మీద దొర్లించి చూపించాను. ఎగిరెగిరి పడింది. సుంకప్ప అక్కడే కూలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

ఆ తర్వాత ఫోన్లో ఆ షెడ్డు పేరు కింద ఒకే ఒక్క స్టార్ ఇచ్చి, వానకు వంగే కర్రలు, కుక్కలాంటి నోరు అని రాశాను. ఇంకో తొమ్మిది మందితో రాయించాను. నోటి సంగతి నిజమే గనక కర్రల సంగతి కూడా జనం నమ్మారు. రెండు నెలల్లో షెడ్డుకు పోయేవాళ్లు లేకుండా పోయారు. ఇప్పుడు యమనూరప్ప చపాతీ కర్రలు తిప్పుకుంటున్నాడు. నా మాట నమ్మనిది మీ ఈరేష్ ఒక్కడే. వాడు పోయి సీసా పరీక్షలో పదికి పది తెచ్చుకున్నాడు.

సుంకప్ప కర్రను చూడటానికి యమనూరప్ప తానే క్యాంపుకు వచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు.

"ఇది నీళ్లు తాగింది. ఎవడో తాపిచ్చిండు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నా కట్టె వంగింది, సరే. నీ చెయ్యి నిలిచిందా?"

అందరూ అది వాడి పొగరనుకున్నారు. సుంకప్ప మెడపట్టి వాణ్ణి బయటికి నెట్టాడు. నా చెయ్యి ఎవరూ చూడలేదు. నేను దాన్ని జేబులో పెట్టుకొని ఉన్నాను.

నిలవలేదు మద్దమ్మా. ఈ కలం మంచిదే. ఈరేష్ జారి పడనూ లేదు. పోయిన నెల పదకొండున మొదటి షిఫ్టుకు కేజ్‌లో, అదే ఆ ఇనుప బోనులో, పద్దెనిమిది మందిని గనిలోకి దింపుతున్నాను. ఆపాల్సిన చోట నా చెయ్యి ఎగిరింది. కేజ్ పోయి గని అడుగుకు గట్టిగా కొట్టుకుంది. టిఫిను డబ్బాలు చెల్లాచెదురయ్యాయి. ఒకడికి మోకాలు పోయింది, నీ కొడుకుకు పెదవి చీలింది. తాడు సాగిందని చెప్పాను, నమ్మారు. ఆసుపత్రిలో ఈరేష్ నా చెయ్యి పట్టుకొని, "మామా, ఇంజను కాడ నువ్వుండబట్టి గింతతోని పోయింది," అన్నాడు.

డాక్టరు దగ్గరికి పొమ్మంటావు. పోతే మర్నాడే లివరు తీసుకొని, గేటు దగ్గర స్టూలు చూపిస్తారు. వచ్చేపోయేవాళ్లకు సలాం కొట్టే గురవయ్యగా నేను బతకలేను. ఇంకా పద్నాలుగు నెలలే ఉంది, గడిపేస్తాను.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఈరేష్‌ను రెండో షిఫ్టుకు మార్చుకోమను. నాకు ఎప్పుడూ మొదటి షిఫ్టే. నీకు ఒంట్లో బాగోలేదని చెప్తావో, ఇంకేం చెప్తావో నీ ఇష్టం, నా పేరు మాత్రం రానీయకు. రెండో షిఫ్టు ఇంజను డ్రైవరు చెయ్యి కుదురైనది, పక్కన నిలబడి చూశాను. మిగతా పదిహేడు మంది సంగతి నన్ను అడగకు. వాళ్ల తల్లులెవరూ నాకు చెల్లెళ్లు కారు.

కర్ర మాత్రం యమనూరప్ప దగ్గరే చేయించుకోనీ. అంత బాగా చేసేవాడు ఈ చుట్టుపక్కల లేడు. తిడతాడు, పడమను. కానీ ఉన్నదే చెబుతాడు.

పోస్టుమ్యాన్‌కు నా రాత అర్థం కాదేమోనని కవరు మీద చిరునామా ఈరేష్‌తో రాయించాను. చూడు, అక్షరాలు ఎంత కుదురుగా ఉన్నాయో. లోపల ఏం రాశావు మామా అని వాడు అడగలేదు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకొని తిప్పిన నీ అన్న
గురవయ్య